బుర్రల రెండు, రాయి కాడ రెండు

భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట కోటేష్ ఆన్‌లైన్ దుకాణం. బల్లకు అవతల కోటేష్, ఇవతల గోపాలు.

"తప్పంటున్నది మామా."

"మల్ల కొట్టు, కోటేషూ."

"మల్ల కొట్టుడు గాదు. మూడుసార్లే ఛాన్సు. ఒకటి పోయింది. ఇంకో రెండు పోతే రేపు ఈ టైం దాకా తెరుచుకోదు. అసలా అంకెలు నీవేనా?"

"కావు."

"మరెవరివి?"

"మా బర్రెవి. చెవి బిళ్ల మీదియి."

"బర్రె అంకెలు నాకెందుకు జెప్పినవ్?"

"ఆరంకెలు చెప్పుమన్నవ్. నాకు యాదికున్నయ్ అవే."

"మామా, జర నిదానంగ విను. రేపు పొద్దుగాల సర్వే సార్లు మీ వాడకొస్తున్నరు. అవునా?"

"అవ్."

"పట్టా కాయితం చూపెట్టినోళ్ల పోడు భూమి చెక్కకు హద్దురాళ్లు పాతుతరు. చూపెట్టనోళ్ల చెక్కల ఫారెస్టోళ్లు జామాయిల్ మొక్కలు పెట్టుకుంట పోతరు. అవునా?"

"అవ్."

"నీ కాయితమేమైంది?"

"చెదలు తిన్నయ్."

"మొత్తమా?"

"ఫొటోలు ఇడిసిపెట్టినయ్. నాది, మీ అత్తది. జేబుల ఉన్నయ్."

"ఉండనీ. ఫొటోలు చూసి రాళ్లు పాతరు. పేరు గావాలె, పట్టా నంబరు గావాలె. కొత్తది ఇయ్యమంటే నెల పడుతదన్నరు. నీకున్నది ఒక్క రోజు. మూడేండ్ల కింద ఆ కాయితం నేనే ఫొటో దీసి ఆన్‌లైన్ లాకర్ల పెట్టిన. అది తెరిస్తే ఒక్క నిమిషం పని. ప్రింటు దీసిస్త, పట్టుకపోతవ్. తెరవాలంటే నువ్వానాడు పెట్టిన పాస్‌వర్డ్ గావాలె. నీకు ఇంగిలీషు అక్షరాలు రావని ఆరు అంకెలే పెట్టించిన. గయ్యే అడుగుతున్న."

"నువ్వున్నవ్ గదా ఆనాడు."

"ఉన్న. గోడ దిక్కు తిరిగి నిలబడ్డ. ఈ దుకాణంల ఎవరు పాస్‌వర్డ్ కొట్టినా మిగతోళ్లు గోడ దిక్కు తిరగాలె, గది నా పద్ధతి. ఆ గోడ మీద సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో అడుగు, చెప్త. నీ అంకెలు మాత్రం నాకెరుకలేదు."

"మంచిగ తిరిగినవ్."

"తిరిగినందుకే ఇప్పుడు గిట్లయింది. పాస్‌వర్డ్ మర్చిపోయినోళ్లకు ఒక బటన్ ఉంటది. నొక్కితే ఫోన్‌కు నంబరొస్తది. నీ ఫోనేది?"

"వాగుల పడ్డది."

"ఎప్పుడు?"

"నిరుడు. చేపలు పట్టంగ."

"ఆ ఫోన్ నంబరు ఇప్పుడు మధిరల ఒకాయనకు ఇచ్చిర్రు. ఇందాక నువ్వు బయటికి పోయినప్పుడు బటన్ నొక్కి ఆ నంబరుకు ఫోన్ జేసిన. వెంకటేశ్వరరావంట. మిర్చి యాపారం. అయ్యా, మీ ఫోన్‌కు ఇప్పుడొక నంబరొచ్చింటది, అది మా మామది, జర చెప్పుండ్రి అన్న."

"చెప్పిండా?"

"వచ్చిందండీ, నాలుగంకెలు, శుభ్రంగా కనపడుతున్నాయండీ, కానీ ఎవ్వరికీ చెప్పొద్దని దాని కిందే రాసుందండీ అన్నడు. ఎంత బతిమిలాడినా గదే మాట. ఆఖరికి, మీరు ఫోన్ పెట్టేస్తారా, నన్ను పోలీస్ స్టేషన్‌కి వెళ్లమంటారా అన్నడు."

"మంచి మనిషి."

"మంచోడే. మనకు పనికిరాని మంచోడు. సరే, ఆ అంకెలు ఎక్కడన్న దాచినవా?"

"దాచిన."

"గంటసేపటి సంది గదే గదా అడుగుతున్న. ఎక్కడ?"

"మూడు చోట్ల."

"మూడు చోట్ల ఉన్నయా. ఇంకేంది, ఏదో ఒక చోట జూస్తే అయిపాయె."

"ముక్కలు జేసి దాచిన. ఒక్కో చోట రెండు."

"ముక్కలెందుకు జేసినవ్ మామా?"

"నువ్వే అన్నవ్. ఎవ్వరికీ మొత్తం చెప్పకు, ఒక్క చోట పెట్టకు, మర్చిపోకు అన్నవ్. మూడు మాటలు."

"అన్ననేమో."

"రెండు పాటించిన."

"మూడోది గదా అసలు మాట. ముక్కలు జేస్తే జేసినవ్, మనసుల గూడ ఉంచుకోవద్దా?"

"ఒకరికి ఇచ్చినంక అది మనది గాదు. మనసులెందుకు పెట్టుకుంట."

"గిట్ల పాస్‌వర్డులు దాచి పెట్టేదాన్ని పాస్‌వర్డ్ మేనేజర్ అంటరు మామా. ఊర్ల అందరికీ నేను చెప్పేది ఒక్కటే. ఇద్దరు ముగ్గురు మేనేజర్లను పెట్టుకోకుండ్రి. అన్నీ తెచ్చి ఒక్క దాంట్ల వెయ్యుండ్రి. దానికొక్క తాళం. ఆ ఒక్క తాళం యాదికుంటే సాలు. నీకు ముగ్గురున్నరు. ఆ ముగ్గుర్ని ఇయ్యాల ఒక్కటి జేయాలె మనం."

"నీకెందరు?"

"నా సంగతి వేరే."

"ఎందరు?"

"మూడు. రెండు యాపులు, ఒక నోటుబుక్కు."

"ఒక్కటి జేసినవా?"

"జేద్దామనే ఉన్న. మొదటి యాప్ తాళం రెండోదాంట్ల దాచిన."

"రెండోదాని తాళం?"

"మొదటిదాంట్ల."

"నోటుబుక్కు?"

"బీరువల ఉంది."

"తియ్యి మరి."

"బీరువకు అంకెల తాళం. ఆ అంకెలు నోటుబుక్కుల రాసిన. ఇప్పుడు నా ముచ్చట గాదు మామా, నీ ముచ్చట. మొదటి ముక్క ఎక్కడ?"

"విత్తనాల బుర్రల."

"సొరకాయ బుర్రలనా?"

"చీటీ రాసి జొన్న విత్తనంల ఏసి మూతి మూసిన. యేటా పండుగనాడు దీస్త, మల్ల కొత్త విత్తనంల ఏస్త."

"దీసినప్పుడు సదవలేదా?"

"అవసరం రాలే."

"ఇప్పుడొచ్చింది. పోయి మూతి దియ్యి."

"విత్తనాల పండుగ గాలే."

"ఎప్పుడు?"

"పెద్దలు చెప్పాలె. ఎనిమిది రోజులు పట్టొచ్చు."

"ఒక్క చీటీ తీస్తానికి గూడ పండుగ రావాల్నా?"

"పండుగ ముందు బుర్రల చెయ్యి పెడితే వాన రాదు. నా ఒక్క చెక్క కోసం ముప్పై ఇండ్ల వాన ఆపుతనా?"

"సరే, అది పక్కన పెడదాం. రెండో ముక్క?"

"మీ అత్త కాడ."

"ఎర్రమ్మత్త కాడనా? బతికినం. మూడోది?"

"అన్నకు జెప్పిన."

"ఏ అన్న? మీ పెద్దన్ననా?"

"అవ్."

"ఆయన సచ్చిపోయి ఆరేండ్లాయె గదా."

"అవ్."

"ఈ పాస్‌వర్డ్ పెట్టి మూడేండ్లే."

"అవ్."

"మరెట్ల జెప్పినవ్?"

"వాగు గట్టు మీద ఆయన పేరున రాయి నిలబెట్టినం. ఆడికి పోయి చెప్పిన."

"బతికున్నోళ్లు ఎవ్వరూ దొరకలేదా మామా?"

"బతికున్నోళ్లు చెప్పేస్తరు. ఆయన చెప్పడు."

"ఇప్పుడు మనకు గావాలె గదా. ఎట్ల అడుగుతవ్?"

"అడగొచ్చు. కోడి కోసి పిలిస్తే పూజారి మీదికొస్తడు. వచ్చినా లాభం లేదు. అన్నకు లెక్కలు రావు. ఉన్న తొమ్మిది మేకలను గూడ ఒక్కోనాడు పది అనేటోడు."

"ఉండు, మీ పక్కింటి కొండమ్మ ఫోన్‌కు జేసి అత్తను రమ్మంట. ఆటో ఎక్కితే అర్ధగంటల వస్తది. బుర్ర గూడ పట్టుకరమ్మంట."

"తెరవొద్దు."

"తెరవ మామా. ఊకె పట్టుకరమ్మంట."

ఎర్రమ్మ ఆటో దిగి వచ్చింది. చంకలో సొరకాయ బుర్ర.

"ఏందల్లుడా, రేపు సర్వే సార్లొస్తుంటే ఈ మనిషి ఈడ ఫ్యాను కింద కూసున్నడా. పొద్దుగాల గంజి గూడ తాగకుంట లేసొచ్చిండు. ఎటు పోతున్నవ్ అంటే పలకలే. లగ్గమయి నలభై యేండ్లాయె, ఎటు పోతున్నడో ఒక్కనాడు చెప్పలే."

"ఈడికే వచ్చిన."

"చూసినవా అల్లుడా. వచ్చినంక చెప్తడు."

"అత్తా, ముందు ఆ బుర్ర బల్ల మీద పెట్టు. మెల్లగ. ఇదేంది, అడుగున గుడ్డ కుక్కి ఉంది?"

"ఎలుక బొక్క జేసింది. మొన్ననే చూసిన. విత్తనం కారిపోతదని నా పాత రైక గుడ్డ కుక్కిన."

"మరి ఎలుక పండుగ దాకా ఆగలేదా?"

"ఎలుకకు పండుగ లేదు."

"మామా, ఒక్క మాట. పండుగ ముందు బుర్రల చెయ్యి పెట్టొద్దన్నరు పెద్దలు. కన్ను పెట్టొద్దన్నరా?"

"కన్నా?"

"ఆఁ, కన్ను."

"కన్ను గురించి ఏం చెప్పలే."

"లైటు?"

"వాళ్లప్పుడు లైటు లేదు."

"అయితే ఫోన్ లైటేసి ఈ బొక్కల నుంచి లోపలికి చూస్త. మూతి జోలికి పోం. మనం తెరవలే, ఎలుక తెరిచింది."

"గుడ్డ దీస్తే తెరిచినట్టు గాదా?"

"అది బుర్ర గుడ్డ గాదయ్యా, నా రైక గుడ్డ. నేను కుక్కింది నేను దీసుకుంట. పట్టు అల్లుడా, లైటు పట్టు."

"కదిలియ్యకు అత్తా. జొన్నలు. జొన్నలు. ఇంకా జొన్నలే. బుర్ర జర నా దిక్కు తిప్పు. ఇంకొంచెం. ఆపు, ఆపు. తెల్లగ చీటీ కొస కనపడ్తున్నది. ఆరు. పక్కన రెండు."

"తలకిందులుగ చూస్తున్నవేమో. ఆరు గాదు, తొమ్మిదేమో."

"రెండు సక్కగనే ఉంది మామా. పక్కపక్కన రాసినవ్, ఒకటి నిలబడి ఇంకోటి తలకిందులెట్లయితది? ఆరు, రెండు. నీ రాత మంచిగుంది."

"మూడు తరగతులు సదివిన."

"మొదటి ముక్క దొరికింది. గుడ్డ కుక్కు అత్తా. ఇప్పుడు నీ కాడున్న ముక్క చెప్పు."

"చెప్ప."

"చెప్పవా?"

"ఎవ్వరికీ నోటితోని చెప్పకు, నేనడిగినా చెప్పకు అని ఆ చెక్కల మట్టి నా చేతుల పోసి ఒట్టేయించుకున్నడు ఈ మనిషి."

"ఆ మనిషే ఇప్పుడు నీ ఎదురుంగ కూసోని చెప్పమంటున్నడు గదా."

"నేనడిగినా చెప్పకు అన్నది గిందుకే గదా మల్ల. అడగంగనే చెప్పేటట్టుంటే ఒట్టెందుకు? ఏమయ్యా?"

"అవ్."

"మామా, నువ్వు ఆమె దిక్కున్నవా, నా దిక్కున్నవా? ఆ ఒట్టేదో తీసెయ్."

"నాతోని ఒక్కనితోని గాదు. మట్టి మీద ఏసింది. మట్టి గూడ ఒప్పుకోవాలె."

"ఆ మట్టే రేపు పోతదంటున్న."

"అది మట్టికెరుక."

"ఉండల్లుడా, ఊకె ఆయన మీదికి పోకు. నోటితోని చెప్పకు అన్నడు. వేళ్లతోని చూపియ్యకు అనలే."

"అనలేదా మామా?"

"అనలే. తోచలే అప్పుడు."

"చూపియ్యి అత్తా. జల్ది. ఈ చెయ్యి ఐదు, ఆ చెయ్యి రెండు. ఏడు. తర్వాత? నాలుగు. ఏడు, నాలుగు. అత్త నోరు తెరవలేదు, నేను సాక్షి."

"తెరవలే గదా. మట్టి తల్లి చూస్తనే ఉన్నది."

"ఇంకొక్కటే. అది మీ బావగారి కాడుంది. రాయి కాడికి పోవాల్నంటే ఇప్పుడు ఐదు కిలోమీటర్లు, కోడి, పూజారి. ఐదింటికి ఈడ కరెంటు పోతది."

"ఏ రాయి?"

"మూడో ముక్క మామ ఆయన రాయికి చెప్పిండంట, ఎవ్వరికీ తెల్వకుంట."

"అదా. ఒకటి, తొమ్మిది."

"నీకెట్ల ఎరుక?"

"నాకేంది, వాడ మొత్తానికెరుక. వాగు అవతల ఆకుకూర ఏరుతుంటే నాకు వినపడ్డది. ఆడ మేస్తున్న ధన్‌సింగ్ మేకలు బెదిరి గుట్టెక్కినయ్, పొద్దూకినంక గూడ దిగలే. ఇప్పటికీ మా వాడ పిల్లలు దాగుడుమూతలాడితే ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. ఒకటి, తొమ్మిది అని ఉరుకుతరు."

"మామా, రహస్యం అంత గట్టిగ చెప్పినవా?"

"అన్నకు చెవుడు."

"సచ్చినంక గూడనా?"

"ఎవరికెరుక."

"సరే. మూడూ కలిసినయ్. ఆరు రెండు, ఏడు నాలుగు, ఒకటి తొమ్మిది. వరస గదే గదా?"

"గదే."

"కొడ్తున్న. తప్పంటున్నది."

"మల్ల తప్పా? ఏందయ్యా, వరస గూడ ముక్కలు జేసి దాచినవా?"

"వరస గదే."

"ఇంకొక్కటే ఛాన్సుంది. ఎవ్వరూ తొందరపడకుండ్రి. చీటీ నేను కండ్లారా చూసిన. ఒకటి తొమ్మిది వాడంతా విన్నది. అత్తా, నువ్వు మల్లొక్కసారి చూపియ్యి. ఏడు, సరే. తర్వాత? నాలుగే గదా. తల అడ్డం ఊపుతున్నవేంది? నాలుగు వేళ్లు నిలబడే ఉన్నయ్, నేను గుడ్డోన్ని గాదు."

"ఆ చిటికెన వేలును పట్టించుకోకు అల్లుడా. అది వంగదు. బీడీల తునికాకు కట్టలు కట్టి కట్టి గట్లనే బిగుసుకపోయింది. మిగతాయి లెక్కపెట్టు."

"మిగతాయి మూడు. ముందే చెప్పొద్దా అత్తా?"

"చూపియ్యమన్నవ్, చూపెట్టిన. చెప్పమనలే."

"మరి ఏడుల ఆ వేలు ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే. ఐదు నిండాలె గదా దానికి."

"ఇది తప్పయితే రేపు సర్వే అయిపోయినంక తెరుచుకుంటది. మామా, కొట్టాల్నా?"

"కొట్టు."

"ఆరు. రెండు. ఏడు. మూడు. ఒకటి. తొమ్మిది."

"ఏమంటున్నది అల్లుడా?"

"తిరుగుతున్నది."

"ఏంది తిరిగేది?"

"తెరుచుకున్నది అత్తా. తెరుచుకున్నది. కూసో, బుర్ర పక్కన పెట్టి కూసో. ఇది మామ రేషన్ కార్డు. ఇది ఓటరు కార్డు. ఇది బర్రె ఇన్సూరెన్సు, చెవి బిళ్ల నంబరు గూడ ఉంది. మామా, ఆ నంబరు నిజంగ కరెక్టే చెప్పినవ్."

"పట్టా?"

"వస్తున్న, వస్తున్న. అయిపోయింది."

"ఏంది అయిపోయింది?"

"గింతే ఉన్నయ్. పట్టా లేదు."

"నువ్వే పెట్టినవ్."

"నేనే పెట్టిన, నా చేతులతోని పెట్టిన. ఆనాడు ఇద్దరూ వచ్చిర్రు, ఇద్దరికీ లాకర్లు తెరిచిన. ఆ చెదలు మిగిల్చిన ముక్క జేబుల ఉంది అన్నవ్ గదా, ఇటియ్యి. ముందు అత్త ఫొటో. దాని పక్కన నీది. దీన్ని నేను మొదలే చూస్తే అయిపోతుండె. మామా, ఈ పట్టా నీ పేరు మీద లేదు."

"మరెవరి పేరు మీద?"

"అత్త పేరు మీద. నీ ఫొటో ఊకె పక్కన పెట్టిర్రు. ఆనాడు మీ వాడల ఇయ్యన్నీ ఆడోళ్ల పేరు మీదనే వచ్చినయ్, ఇప్పుడు యాదికొస్తున్నది. ఎవరి పేరు మీదుంటే వాళ్ల లాకర్ల పెట్టిన."

"అల్లుడా, ఆ చెక్క నాదా?"

"నీదే అత్తా."

"ఎప్పటి సంది?"

"కాయితం వచ్చిన కాడి సంది. మూడేండ్లు."

"మూడేండ్ల సంది నా చెక్కల నన్నే కలుపు తియ్యి, జల్ది తియ్యి అన్నవా నువ్వు?"

"నాకేమెరుక."

"అత్తా, అది ఇంట్ల మాట్లాడుకోండ్రి. ఐదు గావస్తున్నది. నీ లాకర్ తెరుద్దాం. నీ ఆరంకెలు జెప్పు."

"నాకెక్కడియి. నేను బడి ముఖం చూసిన్నా? ఆనాడు నోటికొచ్చినయి ఈయన చెవుల చెప్పిన, ఈయనే కొట్టిండు. నువ్వు గోడ దిక్కు తిరిగే ఉన్నవ్."

"ఏమని చెప్పినవ్?"

"నాకు యాదికి లేదు. నువ్వే యాదికుంచుకో, ఎవ్వరికీ చెప్పకు అన్న. గంతే."

"ఈ లాకర్‌కు గూడ ఆ వాగుల పడ్డ ఫోన్ నంబరే ఇచ్చిన. మర్చిపోయిన బటన్ నొక్కితే మల్ల మధిరకే పోతది."

"ఆయన చెప్పడు."

"చెప్పడు మామా, ఎరుకనే. నీ అంకెలనే బుర్రల ఏసినవ్, రాయికి చెప్పి మేకలను బెదిరిచ్చినవ్. ఆమెయి ఏం జేసినవ్? ఏ గుట్టకు చెప్పినవ్? బర్రెకా?"

"ఎవ్వరికీ చెప్పలే."

"ఎక్కడన్న రాసినవా?"

"రాయలే."

"ముక్కలు?"

"జెయ్యలే."

"అయితే పోయినట్టే."

"యాదికున్నయ్."

"ఏందీ?"

"యాదికున్నయ్."

"ఆరూనా?"

"ఆరూ."

"మరి పొద్దుగాల సంది నన్ను ఎలుక బొక్కల తల పెట్టిచ్చినవ్ గదా మామా."

"నాయి అడిగినవ్. ఆమెయి అడగలే."

"ఇప్పుడడుగుతున్న. జెప్పు, కొడ్త."

"చెప్ప."

"ఏందయ్యా, నా అంకెలు నాకు చెప్తానికి నీకేమొచ్చింది?"

"ఎవ్వరికీ చెప్పకు అన్నవ్."

"ఎవ్వరికీ అంటే బయటోళ్లకు. నాకు గాదు గదా."

"నువ్వు తప్ప అనలే."

"వేళ్లతోని చూపియ్యి మామా. అత్త చూపెట్టలేదా?"

"వేళ్లతోనన్నా చెప్పుడే."

"నన్ను అంటున్నవా?"

"లేదు. నా సంగతి చెప్తున్న."

"నేనన్న మాట నేనే ఎనకకు తీసుకుంటున్న. మట్టి మీద గూడ ఏయలే, ఊకె నోటితోని అన్న. చెప్పు."

"మూడేండ్లు ఆగిన ఎర్రమ్మా. ఇప్పుడెందుకు చెడగొట్టుకుంట."

"చెక్క పోతదయ్యా రేపు. నా చెక్క. జామాయిల్ మొక్కలు పెట్టుకుంట పోతరు."

"పోదు."

"ఎట్ల పోదు?"

"కోటేషూ, ఆ కీబోర్డు ఇటు జరుపు. ఇద్దరూ గోడ దిక్కు తిరుగుండ్రి."